నవంబరు ఒకటో తేదీ ఎవరిది?

నవంబరు 1న బెంగళూరు వీధుల్లో కర్ణాటక రాజ్యోత్సవపు ఎరుపు పసుపు జెండాలు ఎగురుతాయి. అదే రోజు మలయాళీలకు కేరళ పిరవి. భోపాల్‌లో మధ్యప్రదేశ్ స్థాపన దినం, రాయపూర్‌లో ఛత్తీస్‌గఢ్ రాజ్యోత్సవం. హర్యానాకూ అదే పుట్టినరోజు. పుదుచ్చేరిలో విమోచన దినం జరుపుతారు. హైదరాబాదులో మాత్రం ఆ రోజు ప్రభుత్వ వేడుక ఉండదు. ఒకప్పుడు ఉండేది.

ఇన్ని ప్రాంతాలు ఒకే తేదీ చుట్టూ చేరడం చూస్తే ఏదో పెద్ద ముహూర్తం కుదిరిందేమో అనిపిస్తుంది. 'చరిత్రలో ఈ రోజు' శీర్షికలు చదివేవారికి ఇలాంటి ఆశ్చర్యం అలవాటే. వందల ఏళ్ల చరిత్రను 365 గదుల్లో సర్దితే ప్రతి గదీ నిండుతుంది, కొన్ని గదులు కిక్కిరిసిపోతాయి. ఆ శీర్షికలు ఏం జరిగిందో చెప్పి ఊరుకుంటాయి. ఆ తేదీని ఎవరు పెట్టారన్న ప్రశ్న వేయవు. నవంబరు 1 విషయంలో అసలు కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

కొన్నిసార్లు తేదీని ఎవరూ పెట్టరు. 1755 నవంబరు 1 ఉదయం లిస్బన్ నగరం భూకంపంతో కూలిపోయింది. భూకంపానికి క్యాలెండరుతో పని లేదు. కానీ కేథలిక్కులకు అది సకల పరిశుద్ధుల పండుగ. జనం పెద్ద సంఖ్యలో చర్చిల్లో ఉన్నారు, పీఠాల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. కప్పులు కూలి మనుషుల మీద పడ్డాయి, ఆ మంటలే రోజుల తరబడి ఊరిని కాల్చాయి, మధ్యలో సముద్రం పొంగి తీరాన్ని ముంచెత్తింది. తేదీ విపత్తును తీసుకురాలేదు గానీ మృతుల సంఖ్యను పెంచింది.

మరికొన్ని చోట్ల తేదీ అన్నదే నిలకడగా ఉండదు. అమెరికా మొదటి హైడ్రోజన్ బాంబు పరీక్ష జరిపింది 1952 నవంబరు 1 ఉదయం. అది పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవుల లెక్క. ఆ క్షణానికి వాషింగ్టన్‌లో ఇంకా అక్టోబరు 31. ఏ గోడకు వేలాడిన క్యాలెండరు చూశామన్న దాన్ని బట్టి ఈ ఘటన నవంబరు 1 జాబితాలోకి వస్తుంది, పోతుంది.

మన దేశపు నవంబరు ఒకటులు ఈ రెండు రకాలూ కావు. వాటిని చట్టాలు పెట్టాయి. 2014లో తెలుగువాళ్లందరి నోటా నానిన మాట ఒకటుంది: అపాయింటెడ్ డే, అంటే కొత్త రాష్ట్రం ఉనికిలోకి వచ్చే రోజు. విభజన చట్టానికి రాష్ట్రపతి ఆమోదం మార్చి 1న వచ్చింది, అపాయింటెడ్ డే జూన్ 2 అని మార్చి 4న నోటిఫికేషన్ వెలువడింది. ఆ మూడు నెలల్లో ఉద్యోగుల పంపకాలు, ఫైళ్ల పంపకాలు, అప్పుల లెక్కలు, భవనాల కేటాయింపులు టీవీల్లో రోజూ చూశాం. ఒక రాష్ట్రం పుట్టడమంటే పాలనలో ఎంత చాకిరీ ఉంటుందో అప్పుడు తెలిసింది. 1956లో అంతకు ఎన్నో రెట్ల పని ఒకేసారి జరిగింది.

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 1956 ఆగస్టు 31న ఆమోదం పొందింది. నవంబరు 1 గురువారం నుంచి అమల్లోకి వచ్చింది. మధ్యలో ఉన్నవి రెండు నెలలు. ఆ ఒక్క రోజున దేశపటం 14 రాష్ట్రాలు, 6 కేంద్రపాలిత ప్రాంతాలుగా మారింది. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు, మరఠ్వాడా బొంబాయికి, గుల్బర్గా, రాయచూరు, బీదర్ వైపు కన్నడ సీమ మైసూరుకు వెళ్లాయి. మద్రాసు నుంచి మలబారు కేరళలో కలిసింది. దక్షిణ కెనరాలో కాసరగోడు కేరళకు, మిగిలిన భాగం మైసూరుకు. తిరువాన్కూరులోని తమిళ తాలూకాలు ఎదురుదారిలో మద్రాసుకు వచ్చి కన్యాకుమారి జిల్లా అయ్యాయి. కొడగు రాష్ట్రం మైసూరులో, అజ్మీరు రాజస్థాన్‌లో, పాటియాలా తదితర సంస్థానాలతో ఏర్పడ్డ పెప్సూ రాష్ట్రం పంజాబులో కలిసిపోయాయి. ఢిల్లీ కేంద్రపాలిత ప్రాంతమైంది. బీహారు నుంచి పురూలియా ప్రాంతం పశ్చిమ బెంగాలుకు మారింది కూడా అదే రోజు, అయితే దానికి వేరే చట్టం.

మరి ఆ తేదీయే ఎందుకు? ముహూర్తాల జాడ ఎక్కడా కనిపించదు. 1957 ఫిబ్రవరిలో రెండో సార్వత్రిక ఎన్నికలు మొదలు కావాలి, ఆలోగా కొత్త సరిహద్దుల ప్రకారం నియోజకవర్గాలు సిద్ధంగా ఉండాలి. ఇక ఒకటో తేదీ సంగతి ఖజానా లెక్కలు తెలిసినవారికి విడమర్చి చెప్పనక్కర్లేదు. జీతం నెల మధ్యలో తెగితే పాత రాష్ట్రం ఎన్ని రోజులకు ఇవ్వాలి, కొత్త రాష్ట్రం ఎన్ని రోజులకు ఇవ్వాలి అన్న తగాదా మొదలవుతుంది. ఆ రోజుల్లో పుట్టిన రాష్ట్రాల పుట్టినరోజులు చూడండి: కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1, మహారాష్ట్ర, గుజరాత్ 1960 మే 1, నాగాలాండ్ 1963 డిసెంబరు 1, హర్యానా 1966 నవంబరు 1. అన్నీ ఒకటో తేదీలే. ఇది శాశ్వత నియమమేమీ కాదు. హిమాచల్ 1971 జనవరి 25న, మణిపూర్, త్రిపుర, మేఘాలయ 1972 జనవరి 21న పుట్టాయి. కానీ తొలి ఇరవయ్యేళ్లలో ఒకటో తేదీ పట్టు గట్టిది.

పంజాబు విభజనలోనూ అదే పద్ధతి కనిపిస్తుంది. చట్టానికి ఆమోదం 1966 సెప్టెంబరు 18న, అమలు నవంబరు 1న, ఎన్నికలు 1967 ఫిబ్రవరిలో. పదేళ్ల తేడాతో అవే నెలలు, అదే తొందర. ఎన్నికలు రాబోయే చలికాలానికి ముందు దేశపటం సర్దుకోవాల్సి రావడం వల్లే హర్యానా, కర్ణాటక ఒకే రోజు పుట్టినరోజు చేసుకుంటున్నాయని చెప్పవచ్చు. మైసూరుకు కర్ణాటక అన్న పేరు మాత్రం 1973లో వచ్చింది, అదీ నవంబరు 1నే. ఈసారి తేదీని కావాలని ఎంచుకున్నారు. పాలన సౌకర్యం కోసం పెట్టిన రోజు పదిహేడేళ్లలో పండుగ అయిందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

2000లో మూడు కొత్త రాష్ట్రాలు ఒకే నెలలో వచ్చాయి. ఛత్తీస్‌గఢ్ నవంబరు 1, ఇప్పటి ఉత్తరాఖండ్ నవంబరు 9, ఝార్ఖండ్ నవంబరు 15. ఝార్ఖండ్ తేదీ బిర్సా ముండా జయంతి, అందులో దాపరికం లేదు. ఛత్తీస్‌గఢ్‌ది మరో రకం. తల్లి రాష్ట్రం మధ్యప్రదేశ్ పుట్టింది కూడా నవంబరు 1నే కాబట్టి, భోపాల్‌లో సంబరం జరిగే రోజే రాయపూర్‌లో విడిపోయిన సంబరం జరుగుతుంది. రెండు రాష్ట్రాలూ ఇబ్బంది లేకుండా ఎవరి దీపాలు వారు వెలిగించుకుంటాయి. తెలుగునేల మీద అది కుదరలేదు. ఎందుకు కుదరలేదో తెలియాలంటే వెనక్కి, ఇంకో నవంబరు 1కి వెళ్లాలి.

1858 నవంబరు 1. అలహాబాదులో గవర్నర్ జనరల్ కానింగ్ విక్టోరియా రాణి ప్రకటన చదివాడు. ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసింది, రాణి పాలన మొదలైంది. ఉత్తర సర్కారులు, దత్తమండలాల ప్రజలకు ఇది యజమాని మారిన రోజు. కాకినాడ, బందరు, కడప, బళ్లారి అన్నీ ఆ ప్రకటన కిందికే వచ్చాయి. వరంగల్లు, కరీంనగర్ రాలేదు, అవి నిజాం రాజ్యం. ఆ ప్రకటనలోనే సంస్థానాధీశులకు ఒక హామీ ఉంది: కంపెనీతో కుదిరిన సంధులన్నీ యథాతథంగా పాటిస్తామని. 1857లో కంపెనీ పక్షాన నిలిచిన హైదరాబాదుకు ఆ హామీ కొండంత అండ అయింది.

దాని ఫలితంగా ఒకే భాష మాట్లాడేవారు తొంభై ఏళ్ల పాటు రెండు రాజ్యాల్లో పెరిగారు. ఒకవైపు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలు, ఇంగ్లీషు చదువు, గోదావరి, కృష్ణా ఆనకట్టల కింద వరి సాగు, చేతిలో నాలుగు రూపాయలు ఆడే రైతులు. మరోవైపు ఉర్దూ రాజభాష, జాగీర్లు, వెట్టి చాకిరీ. తహసీలు కచేరీలో దరఖాస్తు రాసే భాషే వేరు. స్థానికుల ఉద్యోగాలకు రక్షణగా ముల్కీ నిబంధనలు అక్కడ ముందే ఉన్నాయి. 1956 నవంబరు 1న ఈ రెండు ప్రాంతాలనూ కలిపినప్పుడు కలిసింది ఒక భాష, కలవాల్సి వచ్చింది రెండు పాలనలు. 1858 తేదీ, 1956 తేదీ ఒకటి కావడం వట్టి యాదృచ్ఛికమే. ఆ రెంటినీ కలిపే దారం మాత్రం యాదృచ్ఛికం కాదు. మొదటి నవంబరు 1 నిలబెట్టిన గోడను రెండో నవంబరు 1 తీసేయాలని చూసింది.

ఆ గోడ సంగతి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణపై వేసిన ఫజల్ అలీ కమిషన్‌కు తెలుసు. 1955 సెప్టెంబరు 30న ఇచ్చిన నివేదికలో తెలంగాణను అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచాలని, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చని సూచించింది. ఆ నిరీక్షణ జరగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం మీద సంతకాలు చేశారు. నవంబరు 1న ప్రధాని నెహ్రూ హైదరాబాదులో కొత్త రాష్ట్రాన్ని ప్రారంభించారు. నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రి. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు అదే నెలలో కేరళ గవర్నరుగా వెళ్లిపోయారు. కర్నూలు కచేరీలు, గుంటూరు హైకోర్టు హైదరాబాదుకు కదిలాయి.

అయినా అతుకు కనబడుతూనే ఉంది. 1957లో అసెంబ్లీ ఎన్నికలు జరిగింది తెలంగాణలోని 105 స్థానాలకే. ఆంధ్ర ప్రాంత సభ్యులు 1955లోనే ఎన్నికై ఉన్నందున 1962 దాకా వారే కొనసాగారు. ఒకే సభలో కూర్చున్నవారు రెండు వేర్వేరు ఎన్నికల నుంచి, రెండు వేర్వేరు రాష్ట్రాల ఓటర్ల నుంచి వచ్చినవారన్న మాట.

ప్రపంచం కూడా 1956 నవంబరు 1, ఆ గురువారం నాడు కుదురుగా లేదు. హంగరీ ప్రధాని ఇమ్రె నాగీ సోవియట్ సైనిక కూటమి అయిన వార్సా ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది ఆ రోజే. సూయెజ్ యుద్ధంపై ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ తన తొలి అత్యవసర ప్రత్యేక సమావేశం మొదలుపెట్టిందీ ఆ రోజే. హైదరాబాదు సభలో ఉన్న నెహ్రూకు ఈ రెండూ సొంత సమస్యలే. కానీ వీటికీ ఆంధ్రప్రదేశ్ అవతరణకూ సంబంధం వెతకడం వృథా.

సంబంధం నిజంగా ఉన్న జంట ఇంకొకటుంది. దాన్ని పెద్దగా ఎవరూ పక్కపక్కన పెట్టరు. 1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాం పాలనను ఫ్రాన్సు భారత్‌కు అప్పగించింది. సరిగ్గా ఆ తెల్లవారుజామునే అల్జీరియాలో జాతీయ విమోచన సేన పలుచోట్ల ఒకేసారి దాడులు చేసి ఫ్రాన్సుపై యుద్ధం ప్రకటించింది. లిస్బన్‌లో కొవ్వొత్తులు వెలిగించిన పండుగ రోజే ఇది. ఫ్రెంచివాళ్లు సెలవులో ఉండే రోజని తిరుగుబాటుదారులు దాన్ని ఏరి ఎంచుకున్నారు. చరిత్రలో దానికి 'ఎర్ర పండుగ' అన్న అర్థం వచ్చే పేరు స్థిరపడింది.

ఒకే సామ్రాజ్యం, ఒకే రోజు. ఒక చివర జెండా శాంతిగా దిగింది, మరో చివర తుపాకీ పేలింది. ఆ ఏడాది మే 7న వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఫ్రాన్సు ఓడిపోయింది. జూన్‌లో ప్రధాని అయిన మెండెస్ ఫ్రాన్స్ నిలుపుకోలేనివి వదిలించుకునే పనిలో ఉన్నాడు. భారత్‌లోని నాలుగు చిన్న రేవులు అలాంటివే. ఫ్రెంచి రాజ్యాంగం ప్రకారం ప్రజల సమ్మతి లేకుండా భూభాగం వదులుకోవడానికి వీల్లేదు కాబట్టి, అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధుల ఓటింగు పెట్టారు. 178 మందిలో 170 మంది భారత్‌లో విలీనానికి ఓటేశారు, 8 మంది వ్యతిరేకించారు. మూడు రోజులకు ఢిల్లీలో ఒప్పందం కుదిరింది, మరో పదకొండు రోజులకు పాలన చేతులు మారింది.

అల్జీరియా అలా కాదు. ఫ్రాన్సు దాన్ని వలసగా కాక తన సొంత గడ్డలో భాగంగానే లెక్కగట్టింది. దాదాపు పది లక్షల మంది ఐరోపా సంతతివారు అక్కడ స్థిరపడి ఉన్నారు. అల్జీరియా అంటే ఫ్రాన్సే అన్నది అప్పటి ప్రభుత్వ వైఖరి. ఎనిమిదేళ్ల రక్తపాతం తర్వాత గానీ ఆ వైఖరి మారలేదు.

ఇక్కడే రెండు నవంబరు ఒకటులూ ముడిపడతాయి. పుదుచ్చేరిలో 1954లో మారింది పాలన మాత్రమే, చట్టప్రకారం ఆ ప్రాంతాలు ఇంకా ఫ్రాన్సువే. పూర్తి హక్కు బదిలీ ఒప్పందంపై 1956 మే 28న సంతకాలయ్యాయి. ఫ్రెంచి పార్లమెంటు దాన్ని ఆరేళ్లు పక్కన పెట్టింది. అల్జీరియాలో యుద్ధం నడుస్తుండగా ఫ్రెంచి గడ్డను వదులుకునే కాగితం మీద ఓటేస్తే, అక్కడివారు రేపు మమ్మల్నీ ఇలాగే వదిలేస్తారా అని అడుగుతారు. 1962 మార్చిలో ఎవియాన్ ఒప్పందంతో యుద్ధం ఆగింది, జులైలో అల్జీరియా స్వతంత్రమైంది. ఆ వెంటనే పుదుచ్చేరి ఒప్పందానికి ఆమోదం వచ్చింది. ఆగస్టు 16న పత్రాలు మార్చుకున్నారు. ఒకే రోజు మొదలైన రెండు కథలు ఒకే వేసవిలో ముగిశాయి, రెండోది ముగిశాకే మొదటిది ముగియగలిగింది. తేదీల జాబితా మాత్రం ఈ రెంటినీ రెండు వేర్వేరు దేశాల పేర్ల కింద విడివిడిగా చూపిస్తుంది.

మళ్లీ తెలుగునేలకు వస్తే, తెలంగాణ ఉద్యమకాలంలో నవంబరు 1ని విద్రోహ దినంగా పాటించారు, నల్లజెండాలు ఎగరేశారు. పెద్దమనుషుల ఒప్పందంలోని హామీలు నిలవలేదన్న బాధ అది. 2014తో తెలంగాణకు ఆ లెక్క తీరింది, జూన్ 2 వారి పండుగ అయింది. చిక్కు ఆంధ్రప్రదేశ్‌కు మిగిలింది. పేరు 1956 నాటిది. భూభాగం చూస్తే దాదాపు 1953 నాటి ఆంధ్ర రాష్ట్రం. దాదాపు అనడమెందుకంటే, 1960లో తిరుత్తణి మద్రాసుకు వెళ్లింది, తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిసిన భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉండిపోయింది. విభజన తర్వాత కొన్నేళ్లు జూన్ 2న నవనిర్మాణ దీక్ష జరిపారు. 2019లో నవంబరు 1 మళ్లీ ప్రభుత్వ అవతరణ దినంగా వచ్చింది. అక్టోబరు 1 ఉండాలన్న వాదనా ఆగలేదు.

ఆ వాదనలో బలముంది. నవంబరు 1 వేడుకల్లో మొదటి పూలదండ పొట్టి శ్రీరాములు చిత్రపటానికి పడుతుంది. ఆయన మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. అంటే ఆయన త్యాగం తెచ్చిన తేదీ 1953 అక్టోబరు 1. నవంబరు 1 మరో మూడేళ్లకు, మరో రాజకీయంతో వచ్చింది. ఆయన్ను ఆ రోజు తలుచుకోవడం తప్పు కాదు గానీ, ఆయన ప్రాణం పెట్టి తెచ్చిన రోజును మరిచిపోయి తలుచుకోవడం న్యాయం కాదు. తమిళనాడుకూ ఇలాంటి ఇబ్బందే ఎదురైంది. 2019లో నవంబరు 1ని తమిళనాడు దినంగా పాటించారు. 2021లో ప్రభుత్వం దాన్ని జులై 18కి మార్చింది, అది 1967లో రాష్ట్రానికి ఆ పేరు పెట్టాలని శాసనసభ తీర్మానించిన రోజు. నవంబరు 1ని సరిహద్దు పోరాటంలో ప్రాణాలిచ్చినవారికి వదిలారు. పొరుగు రాష్ట్రాలు ఏర్పడ్డ రోజు తాము నేల పోగొట్టుకున్న రోజు కూడా అని వారి లెక్క.

పంజాబులోనూ నవంబరు 1 పూర్తి సంతోషపు రోజు కాదు. చండీగఢ్ పంజాబుకు దక్కకుండా కేంద్రపాలిత ప్రాంతమైంది ఆ రోజే. దాని కోసం దర్శన్ సింగ్ ఫేరుమాన్ 1969 ఆగస్టు 15న దీక్షకు కూర్చుని 74వ రోజున, అక్టోబరు 27న చనిపోయారు. శ్రీరాములు చనిపోయాక రాష్ట్రం వచ్చింది. ఫేరుమాన్ చనిపోయాక కూడా చండీగఢ్ ఇప్పటికీ రెండు రాష్ట్రాల ఉమ్మడి రాజధానిగానే ఉంది.

కాకినాడ నుంచి యానాం ముప్పై కిలోమీటర్ల దూరం. రెండు ఊళ్లలోనూ తెలుగే, గోదావరి యాసే, పెళ్లి సంబంధాలూ ఇచ్చిపుచ్చుకుంటారు. యానాం మాత్రం చట్టం లెక్కలో పుదుచ్చేరి. అక్కడ దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఫ్రెంచి పాలనను దించేసింది 1954 జూన్ 13న. కాగితాల మీద చేతులు మారింది నవంబరు 1న, చట్టం ఒప్పుకున్నది 1962 ఆగస్టు 16న. నవంబరు 1న ఈ రెండు ఊళ్లలోనూ జెండా ఎగిరినప్పుడు కాకినాడది 1956 జ్ఞాపకం, యానాందేమో 1954 జ్ఞాపకం. ఆగస్టు వచ్చినప్పుడు కాకినాడ 15న ఒక్కసారే జెండా ఎగరేస్తుంది. యానాం 15న ఎగరేసి, మర్నాడు మళ్లీ ఎగరేస్తుంది.